పెద్దాయన కొలతలు

టైలరమ్మ ఏడింటికి షాపు తలుపు తీస్తుంది. మిషనుకి రెండు చుక్కలు నూనె వేసి, పాత గుడ్డ పీలిక మీద నాలుగు కుట్లు వేసి చూసుకుని, ఇస్త్రీపెట్టె వేడికి పెట్టి, అప్పుడు వెనక గదిలోకి వెళ్తుంది. అక్కడ మంచం మీద వాళ్లన్నయ్య అప్పటికే లేచి కూర్చుని ఉంటాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద, చూపు ఎదురుగోడ మీద. ఆవిడ గ్లాసుడు పాలూ రొట్టే ముందు పెట్టి, కిటికీ తీసి, "తిను అన్నయ్యా" అని వచ్చేస్తుంది. తిన్నాడో లేదో పదింటికి పళ్లెం తియ్యడానికి వెళ్లినప్పుడు తెలుస్తుంది. పదకొండేళ్లుగా ఇదే వరస.

అన్నయ్య ఒకప్పుడు డ్రైవరు. అలాంటిలాంటి డ్రైవరు కాదు, పెద్దాయన ప్రార్థనలు చెబుతూ ఊరూరా తిరిగిన బస్సుకి తొమ్మిదేళ్లపాటు ఒక్కడే డ్రైవరు. పెద్దాయన అంటే ఎవరో చెప్పక్కర్లేదు, ఆ దేశంలో ఆ మాట ఇంకెవరికీ వాడరు. సొంత తండ్రిని కూడా నాన్న అనే అంటారు, పెద్దాయన అనరు. ఒక రోజు అన్నయ్యకి నూట రెండు జ్వరం వచ్చింది. పడుకోవయ్యా, రేపు చూద్దాం అని పెద్దాయనే అన్నాడట. వేరే డ్రైవరు బండెక్కాడు. మధ్యాహ్నం కొండ మలుపులో బస్సు నదిలో పడింది. ఒక్కరూ మిగల్లేదు.

దేశం దేశమంతా గుండెలు బాదుకుంది. అన్నయ్య మాత్రం ఏడవలేదు. మూడో రోజు జ్వరం తగ్గాక చేతిసంచీతో చెల్లెలింటికొచ్చి, వెనక గదిలో మంచం మీద కూర్చున్నాడు. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బావుండేదేమో, తిరిగి ఏదో ఒకటి అని ఉండేవాడు. పెద్దాయన పేరెత్తితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఎవరైనా "డ్రైవరుగారూ, ఎలా ఉన్నారు" అంటే తలూపేవాడు, అంతే.

ఈ ఏడు ఆ తలూపడం కూడా తగ్గింది. పళ్లెంలో రొట్టె సగానికి సగం మిగిలిపోతోంది. డాక్టరు వచ్చి పిక్కలు నొక్కి చూసి, బయటికొచ్చాక టైలరమ్మతో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. తిండి లేక కండ కరిగిపోతోందనీ, చలికాలం దాకా ఇలాగే కూర్చుంటే ఇక లేచి నిలబడటం ఉండదనీ, ఆ తర్వాత ఎన్నాళ్లన్నది తాను చెప్పలేననీ. ఆవిడ సరేనంది. డాక్టరు వెళ్లాక మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాలరు తిరగేసి కుట్టింది. మళ్లీ విప్పింది. ఏడుపు రాలేదు, ఆవిడకీ అది అలవాటు తప్పింది.

నిలువునా వణుకుతున్న మనిషి కనపడితే పెద్దాయన ఒంటి మీది కోటు విప్పి తొడిగేవాడు. అలా ఎన్ని కోట్లు పోయాయో లెక్క లేదు. అందుకని ఆయన పోయాక ప్రార్థన మందిరాలన్నీ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఏటా ఆయన పోయిన రోజున ప్రతి ఊళ్లోనూ ఆయన కొలతలకి ఒక కోటు కుట్టించాలి. దాన్ని ముందు వరసలో ఒక కుర్చీకి తగిలించి, ఆయనొచ్చి కూర్చున్నట్టే భావించి ప్రార్థన చెయ్యాలి. ప్రార్థన అయ్యాక ఊళ్లో కోటు లేని మనిషి ఎవరికి సరిపోతే వాళ్లకి తొడగాలి. రాజధానిలో పెద్దాయన సొంత టైలరు అన్ని ఊళ్లకీ కొలతల కార్డులు పంపించాడు. ఈ ఊరి కార్డు మందిరంలో రేకుపెట్టెలో ఉంటుంది. ఏటా ఒక నెల ముందు ప్రార్థన మాస్టారు దాన్ని తెచ్చి టైలరమ్మ చేతికిస్తాడు.

కార్డు మీద అంకెలు ఎవరూ దిద్దకుండానే ఏటికేడు మారుతుంటాయి. రెండో ఏడు నడుం దగ్గర అరంగుళం పెరిగింది. పక్కనున్న బేకరీ ఆవిడ చూసి, పోయాక కాస్త ఒళ్లు చేశారు పాపం, తిరుగుడు తగ్గింది కదా అంది. అదీ నిజమే అనుకున్నారు. మనిషన్నాక ఒళ్లు రావడం, తగ్గడం మామూలే. టైలరమ్మ ఏ ఏటి కొలత ఆ ఏడు చూసి కత్తిరించేది. ఐదో ఏటి నుంచి అంకెలు తగ్గుముఖం పట్టాయి. చాతీ నలభై రెండు కాస్తా నలభై అయింది, తర్వాత ముప్పై ఎనిమిదిన్నర. వయసు మీద పడుతోంది కదా అన్నారు.

ఈ ఏడు కార్డు తీసేసరికి ముప్పై ఆరు ఉంది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు. ఆయనకి ఉన్ని గుడ్డ పడదు, షాపులో కాలు పెడితే తుమ్ములు. తుమ్మి తుమ్మి ముక్కు తుడుచుకుని, మరీ ఇంతలా చిక్కిపోయారేమిటమ్మా అన్నాడు. ఆయన గొంతులో భయం టైలరమ్మకి తెలిసింది. ఆ సాయంత్రమే పక్క ఊరి మందిరానికి ఫోన్ చేశాడు. వాళ్ల కార్డు మీద మొదటి ఏడు ఎంత ఉందో ఇప్పటికీ అంతే ఉందట, చాతీ నలభై రెండు, చెక్కు చెదరలేదు. అవతలి ఊళ్లోనూ అంతే. ఈ ఊరి పెద్దాయన ఒక్కరే చిక్కిపోతున్నారు.

ఊరికి తల కొట్టేసినట్టయింది. మన ప్రార్థనలోనే ఏదో లోటుందన్నారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ప్రార్థన పెంచారు. బేకరీ ఆవిడ పిండి కలుపుతూ కూడా చదువుకునేది. మొక్కుబడికి వచ్చి వెనక వరసలో కునికే వాళ్లు సైతం ముందుకొచ్చి కూర్చున్నారు. వారం తిరిగేసరికి కార్డు మీద ముప్పై ఐదున్నర.

టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. కొలత తగ్గితే కుట్టు లోపలికి పట్టొచ్చు. కానీ రోజుకో అంకె అంటే ఎక్కడని పడుతుంది? ఇక కత్తిరించడం మానేసి, లోపల ఉన్న గుడ్డంతా వదిలేసి, తెల్లదారంతో కచ్చా కుట్లు వేసి ఉంచింది. రోజూ పొద్దున పాలూ రొట్టే ఇచ్చొచ్చి కార్డు చూడటం, కుట్టు జరపడం. ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

ఒక మంగళవారం కార్డు మీద పావంగుళం పెరిగింది. మాస్టారు ప్రార్థన ఫలించిందని పొంగిపోయాడు. ముందు రోజు బేకరీ ఆవిడ పొయ్యిలోంచి తీసిన వేడి బన్ను పంపిస్తే, అన్నయ్య పూర్తిగా తిన్నాడు. అది గుర్తొచ్చి టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది. బుధవారం అన్నయ్య ఏమీ ముట్టలేదు. గురువారం పావంగుళం పోయింది.

ఆవిడ టేపు మెడలో వేసుకుని వెనక గదిలోకెళ్లింది. చెయ్యెత్తమంటే అతను ఎత్తాడు. ఎందుకని అడగలేదు. చాతీ ముప్పై ఐదున్నర. నడుము, చెయ్యి పొడవు, అన్నీ కార్డు మీద ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. చొక్కా కింద అన్నయ్య ఎముకలు టేపుకి తగిలాయి. ఎప్పుడు ఇలా అయిపోయాడో రోజూ చూస్తున్న తనకే తెలియలేదు.

భుజం కొలిచేటప్పుడు పదేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. మొదటి ఏడు కార్డు వచ్చినప్పుడు భుజం అంకె మీద సిరా పడి మరక అయింది. రాజధానికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు, ఆ రోజుల్లో అందరూ అక్కడికే చేస్తున్నారు. ఆ ఏడు కార్డే ఆలస్యంగా రావడంతో మూడు రోజులే గడువుంది. అన్నయ్యదీ పెద్దాయనదీ ఇంచుమించు ఒకే కట్టు. బస్సులో ఒకరి కోటు ఒకరు వేసుకుని తిరిగేవాళ్లు. ఆవిడ అన్నయ్య వెనక నిలబడి ఈ భుజం నుంచి ఆ భుజానికి టేపు పట్టి, మరక పక్కన పెన్సిలుతో పద్దెనిమిదిన్నర అని రాసేసింది. టైలర్లు ఇలాంటివి చేస్తూనే ఉంటారు. ఖాళీ కనపడితే చేతికి దొరికిన మనిషి కొలతతో పూరిస్తారు. ఎవరితోనూ అనలేదు, తర్వాత తనే మర్చిపోయింది.

మందిరానికి వెళ్లి మాస్టారుకి చెప్పేసింది. ఆయన అప్పుడే కుర్చీలు తుడుస్తున్నాడు. తుడుపుగుడ్డ పట్టుకునే కూర్చుండిపోయాడు.

"అంటే ఇన్నేళ్లూ మనం మీ అన్నయ్య కోటుకి ప్రార్థన చేశామా అమ్మా?"

"భుజాలొక్కటే మా అన్నయ్యవండి. మిగతావన్నీ పెద్దాయనవే."

"కోటు నిలబడేది భుజాల మీదే కదమ్మా" అన్నాడు మాస్టారు.

ఆయన కోపగించుకోలేదు. లోపలికెళ్లి ఒక రబ్బరు తెచ్చిచ్చాడు. ఆ పెన్సిలు అంకె చెరిపేసి, పక్క ఊళ్లో కనుక్కుని అసలు భుజం కొలత రాసెయ్యమన్నాడు. అప్పుడు పెద్దాయన ఒళ్లు పెద్దాయనకి వచ్చేస్తుంది, ఊరు గండం గట్టెక్కుతుంది, తప్పు సంగతి మన మధ్యే ఉంటుంది అన్నాడు. మంచి మాటే. ఆవిడ రబ్బరు తీసుకుని ఇంటికొచ్చింది.

కార్డు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చెరిపేస్తే పెద్దాయన బాగుపడతాడు. అన్నయ్య సంగతి? ఇన్నాళ్లూ ఊరంతా ప్రార్థన చేస్తోందంటే అందులో అతని భుజాలకీ వాటా ఉంది. ఆ వాటా కూడా తీసేస్తే ఆ మంచం మీద ఆ మనిషి గురించి అనుకునే దిక్కు ఇంకెవరు? తనొక్కర్తే. తను పదకొండేళ్లుగా "తిను అన్నయ్యా" అంటూనే ఉంది, ఏం ఒరిగింది? రబ్బరు సుద్దముక్కల డబ్బాలో పడేసి లేచింది.

అన్నయ్య ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని అంతా చెప్పింది. మరక, పెన్సిలు, పక్క ఊరి నలభై రెండు, బన్ను తిన్న సోమవారం. చెప్పడం అయ్యాక ఆగింది. అతను గోడనే చూస్తున్నాడు. వినలేదేమో అనుకుని ఆవిడ లేవబోయింది.

"ఇప్పుడెంతుంది?" అన్నాడు.

ఎన్నో నెలలకి విన్న గొంతు. ఆవిడ మళ్లీ కూర్చుంది. "ముప్పై ఐదున్నర."

"ఆయనది నలభై రెండు. నవ్వితే గుండీ తెగిపోయేది. బస్సులో సూదీ దారం నా దగ్గరే ఉండేవి." చూపు గోడ మీంచి అరచేతుల మీదికి దిగింది. తర్వాత, "అప్పుడు నేను లేక ఆయన పోయారు. ఇప్పుడు నేనుండి చిక్కిపోతున్నారన్నమాట" అన్నాడు. ఆ మాటలో ఏడుపు గానీ కోపం గానీ లేవు. దారి తప్పిన సంగతి ప్రయాణికులకి చెబుతున్నట్టుంది. "ఏమన్నా ఉంటే పెట్టు."

ఆవిడ పెట్టింది. అతను తిన్నాడు. రుచి తెలిసి తిన్నాడని చెప్పడానికి లేదు, బండిలో నూనె పోసినట్టు పోసుకున్నాడు. చివర్లో ఒక్క మాట అడిగాడు, ఆయనకి చేరుతుందా అని. రేపు కార్డు చూస్తే తెలుస్తుందంది ఆవిడ. తెల్లారి చూస్తే చేరింది, పావంగుళం.

ఊళ్లో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పలేదు, కానీ ఊరన్నాక తెలియకుండా ఉంటుందా. బేకరీ ఆవిడ పొద్దున్నే వేడి రొట్టెతో దిగబడి, "డ్రైవరుగారూ, పెద్దాయనకిది పెట్టండి" అని పళ్లెం అతని ఒళ్లో పెట్టి, అయ్యేదాకా నడుం మీద చేతులేసుకుని నిలబడేది. ఇంకొకరు గుడ్లు, మరొకరు పాయసం. మాస్టారు సాయంత్రాలొచ్చి మంచం పక్కన కూర్చుని ప్రార్థన అక్కడే చదివేవాడు. గుడ్డల మధ్య తుమ్ముతూనే చదివేవాడు. డాక్టరు కాళ్లాడించమన్నాడని, పెద్దాయన్ని నడిపించాలి అంటూ ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని గది చుట్టూ, తర్వాత షాపు చుట్టూ తిప్పేవాళ్లు. అన్నయ్య ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఆయన పనుల్లో అడ్డు చెప్పడం అతనికి ఏనాడూ లేదు.

ముప్పై ఆరు. ముప్పై ఆరుంపావు. వారం తర్వాత ముప్పై ఏడు. టైలరమ్మ లోపల వదిలిన గుడ్డని రోజుకింత బయటికి వదులుతూ వచ్చింది. ప్రార్థన రోజు దగ్గరపడేసరికి కోటు ముప్పై ఎనిమిది దగ్గర నిలిచింది. గట్టి కుట్లు వేసి, కాజాలు తీసి, గుండీలు కుట్టింది.

ఆ రోజు మందిరం కిటకిటలాడింది. కోటు ముందు వరసలో కుర్చీ మీద ఉంది. ప్రార్థన మామూలుగానే జరిగింది. కళ్లు తుడుచుకునేవాళ్లు తుడుచుకున్నారు, చాలామంది ఊరికే కూర్చున్నారు. పదకొండేళ్లయ్యాక దుఃఖం కూడా కూర్చోవడం నేర్చుకుంటుంది. అన్నయ్య చెల్లెలి భుజం మీద చెయ్యేసి నడిచొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఈ మందిరంలో అతను కాలు పెట్టడం అదే మొదలు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, చూడకూడదని అందరూ ముందే అనుకున్నట్టున్నారు.

కోటు ఎవరికి సరిపోతుందో ఆ ఏడు వెతకలేదు. మాస్టారే తెచ్చి అన్నయ్యకి తొడిగాడు. చంకల దగ్గర గానీ మెడ దగ్గర గానీ ఎక్కడా ముడత పడలేదు. తొడుక్కున్నవాళ్లు పెద్దాయన గురించి ఒక మాట చెప్పడం ఆనవాయితీ. కిందటేడు తొడుక్కున్న పోస్టుమాను, పెద్దాయన ఒకసారి నా చెయ్యి పట్టుకున్నారు అని చెప్పి కూర్చున్నాడు. అన్నయ్య ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. జనం ఎదురుచూశారు.

"నాకు ఆ రోజు జ్వరం" అన్నాడు. "నూట రెండు. లేవలేకపోయాను. బండి ఇంకొకతను తీశాడు." ఊపిరి తీసుకున్నాడు. "పెద్దాయన చనిపోయారు."

అది ఎవరికి తెలియని సంగతని? అయినా ఆ మాట అప్పుడే విన్నట్టు బేకరీ ఆవిడ ఘొల్లుమంది. ఆవిడ వెనక ఇంకొకరు, ఇంకొకరు. అన్నయ్య బెంచీ మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. కోటు భుజాలు పైకీ కిందికీ కదులుతుంటే టైలరమ్మ చూస్తూ నిలబడింది. వీపు మీద చెయ్యి వెయ్యాలో వద్దో ఆవిడకి తెలియలేదు. కాసేపటికి వేసింది.

జనం వెళ్లాక మాస్టారు కార్డుని రేకుపెట్టెలో పెట్టబోతూ ఆవిడకి చూపించాడు. చాతీ నలభై రెండు. నడుము, పొడవు, అన్నీ మొదటి ఏడు ఉన్నట్టే. భుజం దగ్గర పెన్సిలు గీత ఆనవాలు కూడా లేదు, మరక ఒక్కటే ఉంది. మాస్టారు పెట్టె మూశాడు. పెద్దాయన ఒళ్లు పెద్దాయనకి వెళ్లిపోయింది. ఇక అన్నయ్య ఎవరి కోసం తింటాడు?

ఇంటికి నడుస్తుంటే అతను రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. రెండోసారి ఆగినప్పుడు అడిగాడు, కార్డు మీద ఎంత ఉందని. అబద్ధం ఆడదామని ఆవిడ నోటిదాకా వచ్చింది. ముప్పై ఎనిమిదే అంటే రేపటికి రొట్టె తింటాడు, ఎల్లుండికి తింటాడు.

"నలభై రెండు" అంది.

"నా భుజాలు?"

"లేవు. పోయాయి."

అతను తలూపాడు. ఇద్దరూ మళ్లీ నడిచారు. ఆవిడకి రేపటి పళ్లెం కనిపిస్తోంది, దాని మీద ముట్టని రొట్టె, గోడ మీద అతని చూపు. షాపు దగ్గరికొచ్చి తాళం తీస్తుంటే అతను వెనక నుంచి మెల్లిగా అన్నాడు.

"ఆకలేస్తోంది."

ఆవిడ తాళం చెవి తిప్పడం ఆపింది. వెనక్కి తిరగడానికి భయమేసింది.

"ఎవరికి అన్నయ్యా?"

అతను కాసేపు ఆలోచించాడు.

"నాకే" అన్నాడు.